వెన్ను వంచుచున్న దెవరు?

తల వంచి పాఠము చదువుకొనుచున్న పిల్లవానిని చూచి “నిటారుగా కూర్చోరా, గూని వస్తుంది” అని మందలింపని పెద్దలు తెలుగు ఇండ్లలో అరుదు. ఆ మందలింపునందు వాత్సల్యము కలదు, అనుభవమును కలదు. కాని ఆ పిల్లవాడు కూర్చున్న బల్ల యెత్తునకును వాని పొట్టికాళ్ళకును పొందిక కుదిరినదా, వ్రాతబల్ల వాని మోచేతికి అందుచున్నదా, గంటసేపటినుండి వాడు కదలకుండుటకు కారణము వాని యిష్టమా, బడి కట్టడియా అని విచారించువారు మిక్కిలి తక్కువ. వంగిన వీపు కంటబడగానే అది ఆ మనిషి అజాగ్రత్తయని, సోమరితనమని తీర్పు చెప్పుట మనకు అలవాటైనది. వెన్నెముక ఆరోగ్యమునకు మంచి భంగిమ ఆవశ్యకమనుటలో నాకు సందేహము లేదు. అయితే ఆ భంగిమ ఉపదేశముచేత ఏర్పడుట స్వల్పమనియు, మనిషి చేతికిచ్చిన పనిముట్టుచేతను, కూర్చుండుటకిచ్చిన పీఠముచేతను, లేచి మసలుటకు విడిచిన వ్యవధిచేతను ఏర్పడుటయే అధికమనియు నా నిశ్చితాభిప్రాయము.

మొదట వెన్నెముక స్వరూపమును కొంత తెలిసికొనవలసియున్నది. అది సూటిగా నిలువబడిన స్తంభము కాదు. పుట్టునప్పటికి అందు 33 వెన్నుపూసలుండును. మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5 పూసలు జీవితాంతము విడివిడిగా మెదలుచుండగా, వాని దిగువనున్న 5 పూసలు పెరుగుదలతో ఏకమై త్రికాస్థి యగును, చివరనున్న చిన్న పూసలు కూడ చాలవరకు కలిసిపోయి అనుత్రికాస్థి యగును. తల్లిగర్భమున ముడుచుకొనియున్న శిశువు వెన్ను ఒక్కటే వంపుగా నుండును. బిడ్డ మూడవ నెల ప్రాంతమున మెడ నిలుపుటతో మెడయందు లోనికి వంపు తీరును. పిమ్మట కూర్చుండి, దోగాడి, తప్పటడుగులు వేయుటతో నడుమునందు రెండవ లోవంపు క్రమముగా ఏర్పడును. వీపునందలి వెలివంపు మాత్రము పుట్టుకతో వచ్చినదే నిలుచును. ఈ వంపులే నిలుచుటకును, నడచుటకును, దుముకుటకును వెన్నెముకకు సత్తువను, సాగుదలను సమకూర్చుచున్నవి. కనుక నిటారుగా నుండుట యనగా కవాతులోని సిపాయివలె ఱొమ్ము విఱిచి, నడుము బిగించి, ఊపిరి పట్టి నిలుచుట కాదు. ప్రకృతి యిచ్చిన ఈ వంపులు తమ మేర దాటకుండ, చెవియు, భుజమును, తుంటియు ఇంచుమించు ఒకే నిలువుగీతలో అమరి, కండరములకు అనవసరమైన ప్రయాస లేకుండ దేహభారము పాదములకు చేరుటయే నిటారు.

పూసకును పూసకును నడుమ నున్న బిళ్ళలను, అనగా నేడు వైద్యులును రోగులును ఒకే విధముగా డిస్కులని పిలుచుచున్నవానిని, ప్రత్యేకముగా పేర్కొనవలెను. అవి 23. వెలుపల నారపొరలు చుట్టలు చుట్టలుగా బిగిసియుండగా, లోపల నీటితో నిండిన జిగురుపదార్థ ముండును. పెద్దలయందు ఈ బిళ్ళల లోపలిభాగమునకు రక్తనాళములు లేవు. ప్రక్కనున్న పూసలనుండి ఊరివచ్చు పోషకరసములే వానికి ఆహారము. పగలంతయు దేహభారముచేత నొక్కబడి వానిలోని నీరు కొంత వెలికి పోవును, రాత్రి పరుండినప్పుడు మరల లోనికి చేరును. అందుచేతనే ఉదయమున లేచిన మనిషి సాయంకాలముకంటె సుమారు 1 శాతము పొడవుగా నుండును. నొక్కుడును విడుదలయు మార్చి మార్చి కలుగుటయే ఈ బిళ్ళలకు మేలు. ఒకే భంగిమయందు, అది యెంత చక్కనిదైనను, గంటల తరబడి బిగిసియుండుట వానికి హితము కాదు.

ఈ విషయమును ఊహతో విడువక కొలిచి చూచినవారు కలరు. స్వీడన్ దేశపు శస్త్రవైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960 దశకమున సజీవులైన మనుష్యుల నడుముబిళ్ళలోనికి సూది చొప్పించి అందలి ఒత్తిడిని కొలిచి, నిలుచున్నప్పటికంటె కూర్చున్నప్పుడు ఒత్తిడి అధికమని ప్రకటించెను. తరువాత జర్మనీయందు విల్కె అను పరిశోధకుడును అతని సహచరులును 1999 లో ప్రకటించిన కొలతలలో ఆ రెండింటికిని అంత భేదము కానరాలేదు. ఈ రెండవ కొలతలు ఒకే వ్యక్తియందు తీసినవి గనుక వానిని శాసనముగా గ్రహింపరాదు గాని, అవి చెప్పు సంగతి ఆలోచింపదగినది. ఊరక నిలుచున్నప్పుడు ఒత్తిడి 0.5 మెగాపాస్కల్; వీపు బిగించి కావలెనని నిటారుగా కూర్చున్నప్పుడు 0.55, ఆనుడు లేకుండ తేలికగా కూర్చున్నప్పుడు 0.46, కుర్చీ వీపునకు ఆని జాఱగిలి కూర్చున్నప్పుడు 0.27. అదే మనిషి 20 కిలోల బరువును నడుము గుండ్రముగా వంచి ఎత్తినప్పుడు ఒత్తిడి 2.3 కు ఎగసెను. మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా తీసికొని ఎత్తినప్పుడు 1.7 మాత్రమే అయ్యెను. కాబట్టి కుర్చీలో బిగిసి కూర్చుండుటవలన వెన్నునకు వచ్చు లాభము మనము తలచినంత లేదు. వంగి బరువెత్తుటవలన వచ్చు నష్టము మాత్రము మనము తలచినదానికంటె ఎక్కువ. పిల్లవాని వీపును కనిపెట్టియుండు మన దృష్టి, బియ్యపు బస్తా నెత్తుచున్న హమాలీ నడుముపై నిలువవలసినంత నిలువకుండుట నాకు న్యాయముగా తోచదు.

సెల్‌ఫోను పట్టుకొని మెడలు వంచు తరము గుఱించి నేడు విశేషముగా వినబడుచున్నది. న్యూయార్కులోని శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014 లో వేసిన లెక్క ప్రకారము, తల నిటారుగా నున్నప్పుడు మెడపై సుమారు 5 కిలోలుగా పడు భారము, అదే తల 60 డిగ్రీలు ముందుకు వంగినప్పుడు 27 కిలోలకు సమానమగును. ఇది గణితముచేత కట్టిన లెక్కయే గాని రోగులయందు కనుగొన్న ఫలితము కాదు. ఫోను చూచువారందఱికిని మెడనొప్పి వచ్చునని దానినిబట్టి చెప్పరాదు. అయినను ఫోనును కంటి యెత్తునకు తెచ్చుకొనుటయు, ల్యాప్‌టాపు క్రింద నాలుగు పుస్తకములు పేర్చి తెరను పైకెత్తి వేఱొక కీబోర్డు తగిలించుకొనుటయు, పాదములు నేలకానునట్లు కుర్చీని దించుకొనుటయు, అరగంటకొకమాఱు లేచి నాలుగడుగులు వేయుటయు ఏమంత వ్యయముతో కూడిన పనులు కావు. పతంజలి ఆసనమునకు స్థిరత్వమును సుఖమును రెండింటిని లక్షణములుగా చెప్పినాడు. మనము మొదటిదానిని మాత్రము పట్టుకొని, రెండవదానిని సోమరుల కోరికగా చూచుట అలవాటు చేసికొంటిమి.

వంగిన వెన్నంతయు భంగిమదోషమే యనుకొనుట కూడ పొరపాటు. అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతములలో ఎముకలు బిగిసి, వెన్ను వంగిపోయిన రైతులను పరిశీలించి షార్ట్ అను వైద్యుడును అతని తోటివారును 1937 లో ఫ్లోరోసిసు వ్యాధి అచ్చట నున్నదని లోకమునకు వెల్లడించిరి. నల్లగొండ జిల్లా పల్లెలు దశాబ్దముల తరబడి ఆ బాధను మోసినవి. ఆ వీపులను వంచినది ఫ్లోరైడు మిక్కుటమైన త్రాగునీరు. వెన్నుపూసలకు సోకు క్షయచేతను, వృద్ధస్త్రీలయందు ఎముకలు గుల్లబారుటచేతను గూని వచ్చును. నడుమునొప్పితో పాటు కాళ్ళు బలహీనపడుట, మూత్రము పట్టు తప్పుట, తొడల నడుమ స్పర్శ లేకుండుట, జ్వరముతో గాని బరువు తగ్గుటతో గాని నొప్పి కలిసియుండుట కానవచ్చినచో, ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. అట్టి లక్షణములు లేని సాధారణమైన నడుమునొప్పికి వారముల తరబడి మంచము పట్టుట మాత్రము మందు కాదు. రెండు దినముల విశ్రాంతియు ఏడు దినముల విశ్రాంతియు గుణమునందు సమానమేనని, తక్కువ విశ్రాంతి పొందినవారే త్వరగా పనిలోనికి వచ్చిరని 1986 లోనే అమెరికా వైద్యులు చూపిరి. విడువక బాధించు నడుమునొప్పిని గుఱించి 2023 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకములయందు వ్యాయామమునకు చోటు కలదు. అంగడిలో కొని నిత్యము బిగించుకొను నడుము బెల్టులకు సిఫారసు లేదు. ఆ సంస్థయే 2020 లో ప్రపంచమున 61.9 కోట్లమంది నడుమునొప్పితో బాధపడిరని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లు కాగలదని అంచనాలను పేర్కొన్నది. ఇన్ని కోట్లమంది అజాగ్రత్తపరులు, సోమరులు అని నమ్ముట యెట్లు?

ఇచ్చట కాలిఫోర్నియా కూలీల కథను చెప్పవలసియున్నది. సలీనాస్ లోయలోని ఆకుకూర తోటలలోను, చక్కెరదుంప చేలలోను మొక్కలను పలుచన చేయుటకును, కలుపు తీయుటకును కూలీల చేతికి అడుగు మొదలు రెండడుగుల లోపు పిడి గల చిన్నపార నిచ్చెడివారు. మెక్సికో సంతతికి చెందిన ఆ శ్రామికులు దానిని ఎల్ కోర్తీతో అని పిలిచిరి. దానితో పని చేయవలెనన్న దినమంతయు నడుము రెండుగా మడిచి నడువవలసినదే. పొడవు పిడి యిచ్చినచో పనిలో సునిశితత్వము తగ్గునని యజమానులు వాదించిరి. అసలు సంగతి వేఱొకటి కూడ కలదని కూలీలు ఎఱుగుదురు: చిన్నపార చేతనున్నంతకాలము నడుమెత్తినవాడు దూరమునుండియే మేస్త్రీ కంట బడును, అనగా విశ్రమించుచున్నవాడెవ్వడో విచారింపకయే తెలియును. శ్రామికనాయకుడు సీజర్ చావెజ్ యౌవనమున ఆ పారతో పని చేసినవాడే, నడుమునొప్పితో జీవితమంతయు బాధపడినవాడే. గ్రామీణ న్యాయసహాయ సంస్థకు చెందిన న్యాయవాదులు వైద్యుల సాక్ష్యములతో వ్యాజ్యము నడుపగా, 1975 లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము కూలీల పక్షమున తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే చిన్నపార నిషేధింపబడెను. తోటలు పాడుకాలేదు, పంటలు ఆగలేదు. పిడి పొడవైనది, అంతియే. ఆ కూలీలకు మంచి భంగిమను గుఱించి వేయి ఉపన్యాసములిచ్చినను రాని ఫలితము పిడికి చేర్చిన కొంత కర్రవలన వచ్చినది.

మన వరిచేలకు ఈ కథ దూరమైనది కాదు. గోదావరి, కృష్ణా డెల్టాలయందును, తెలంగాణ చెఱువుల క్రింది మాగాణులయందును మోకాటిలోతు బురదలో నిలిచి, నడుము వంచి, వెనుకకు అడుగులు వేయుచు నాట్లు వేయువారు స్త్రీలే. మరల కొన్ని వారములకు అదే వంపుతో కలుపు తీయువారును స్త్రీలే. వారి నడుమునొప్పిని గుఱించి “పనన్నాక నొప్పి ఉండదా” అను మాట ఊళ్ళలో ఎంత సులభముగా అనుదురో విననివారు లేరు. 2003 ఖరీఫులో అప్పటి ఆంధ్రప్రదేశమున ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము తక్కువ నీటితో చేయు శ్రీ వరిసాగును ప్రచారమునకు తెచ్చినప్పుడు, దానితో పాటు కోనోవీడరు అను సాధనము పల్లెలకు వచ్చినది. వరుసల నడుమ దానిని ముందునకు వెనుకకు త్రోయుచు నిలుచుండియే కలుపును బురదలోనికి అణచవచ్చును. అయితే బిగువైన నేలలలో దానిని త్రోయుట భుజములకు కష్టము, దాని బరువును పిడి యెత్తును స్త్రీల ఒడ్డుపొడవులకు అమరవలెను. ఆ మెలకువ అన్నిచోట్ల తీసికొనబడలేదు. శ్రీసాగును గుఱించి నీటి పొదుపనియు, దిగుబడియనియు జరిగిన చర్చలో పదవవంతైనను కలుపుతీయువారి నడుమును గుఱించి జరుగకపోవుట నాకు విచారము కలిగించుచున్నది. నాటు యంత్రములు, డ్రమ్ సీడర్లు వచ్చుచున్నవి గాని, అవి వచ్చినచోట కూలి తగ్గునను భయము స్త్రీలకు న్యాయమైనది. కూలి పోగొట్టు యంత్రముకంటె నడుమును నిలుపు పనిముట్టుకే ప్రభుత్వములు ముందుగా సొమ్ము వెచ్చింపవలెను.

పనిముట్టు మార్చినచో ఏమి సాధ్యమగునో చూపుటకు మనకు తెలుగునేలయందే గొప్ప నిదర్శనము కలదు. పోచంపల్లి పట్టుచీరలకు దారమును చిటికీ కట్టి అద్దకము వేయుటకు ముందు ఆసు పోయుట అను ప్రక్రియ ఉండును. అర్ధచంద్రాకారముగా నాటిన కొయ్యమేకుల చుట్టు దారమును ఒక చేతితో త్రిప్పుచు పోవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మాఱులు చేయి అటునిటు సాచవలెను. ఇంటి ఆడవారు చేయు ఆ పనివలన భుజములు, మోచేతులు, మెడ, వీపు పీకని దినముండదు. ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము, తన తల్లి లక్ష్మి పడు బాధను చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999 లో ఆసు యంత్రమును పూర్తిచేసి దానికి తల్లి పేరే పెట్టినాడు. 2017 లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ యిచ్చి గౌరవించినది. ఆ తల్లికి “సరిగా కూర్చుని ఆసు పోయి” అని సలహా చెప్పుటకు ఎవరైనను చాలుదురు. ఆ కుమారుడు చేసిన పని వేఱు. ఇక గుంటమగ్గమునొద్ద గుంతలో కాళ్ళు విడిచి, ముందునకు వంగి రోజంతయు నేయు నేతగాని నడుము అట్టి మల్లేశము కొఱకు ఇంకను ఎదురుచూచుచునే యున్నది. సహకార సంఘములు మగ్గము నెత్తు చేయుట, పీటకు ఆనుడు పెట్టుట వంటి చిన్నమార్పులకైనను నేతవారి మాటతోడనే పూనుకొనవలెను.

బడిపిల్లల సంగతికి మరల వత్తును. 1989 లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో మాటలాడుచు పుస్తకాల సంచి మోసి వంగిపోవుచున్న పిల్లలకొఱకు వేడుకొనెను. యశ్‌పాల్ సంఘము 1993 లో భారము లేని చదువును గుఱించి నివేదిక యిచ్చెను. 2020 లో కేంద్రప్రభుత్వపు పాఠశాల సంచి విధానము సంచి బరువు పిల్లవాని బరువులో పదవవంతు మించరాదని చెప్పెను. అనగా 30 కిలోల పిల్లకు 3 కిలోలు. ముప్పది యేండ్లలో మాట స్పష్టమైనది, త్రాసు మాత్రము బడిగదిలోనికి రాలేదు. బడి గేటువద్ద ఒక తూకపుయంత్రము నుంచి నెలకొకసారి సంచులు తూచినచో, అందులో నోటుపుస్తకముల పేరిట ఎన్ని కిలోల వ్యాపారము పిల్లల వీపునెక్కుచున్నదో తల్లిదండ్రులు తామే చూడగలరు. ఆరవ తరగతి పిల్లకును పదవ తరగతి పిల్లవానికిని ఒకే కొలత బెంచీలు చేయించుట కూడ అట్టి నిర్లక్ష్యమే. రెండు మూడు ఎత్తులలో చేయించుటకు కొయ్య అదనముగా పట్టదు, ఆలోచన మాత్రము పట్టును.

మఱియు ఒక వర్గమున్నది; వారికి వంగుట కాదు, కూర్చుండుటయే నిషిద్ధము. పట్టణములలోని పెద్ద వస్త్రదుకాణములలో చీరలు విప్పి చూపు అమ్మాయిలు ఉదయమునుండి రాత్రివఱకు నిలుచునే యుందురు. బేరము లేనివేళను గోడ కానుకొనుటయే తప్పు. నిలుచుండి పని చేయవలసిన శ్రామికులకు అవకాశము దొరకినప్పుడు కూర్చుండుటకు ఆసనములుండవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టము 44 వ సెక్షను చెప్పినది. అది కర్మాగారములకే గాని దుకాణములకు కాదు. కోళికోడు స్త్రీశ్రామికులు ఉద్యమించి సాధించిన ఫలితముగా 2018 లో కేరళయు, తరువాత 2021 లో తమిళనాడును దుకాణములలో పని చేయువారికి కూర్చుండు హక్కును చట్టమునందు చేర్చినవి. చీరల అంగళ్ళకు పేరుపడిన విజయవాడ, హైదరాబాదు, గుంటూరులలో ఆ హక్కు ప్రతి కౌంటరువెనుక ఒక స్టూలు రూపమున కంటికి కనబడవలెను. అందునకు కార్మికశాఖ తనిఖీదారులును, కొనబోవు మనమును బాధ్యులమే. అమ్మాయి కూర్చుండి చీర చూపినచో అది మనకు అవమానము కాదని యజమానికి వినబడునట్లు మనమే చెప్పవచ్చును.

నాకు కనబడు అసలు చిక్కు ఒక్కటే. కొనువారొకరు, వంగువారొకరు. చీపురులను కొనునది పురపాలక కార్యాలయము, ఊడ్చునది కార్మికురాలు. బెంచీలను కొనునది విద్యాశాఖ, కూర్చుండునది ఎనిమిదేండ్ల బాలిక. కలుపు సాధనములను ఎంపిక చేయునది జిల్లా అధికారి, త్రోయునది కూలిస్త్రీ. ధరయును, గుత్తేదారును చూచి కొన్న వస్తువు ఎవరి యెత్తునకు అమరునో టెండరు కాగితములలో ఎచ్చటను వ్రాయబడదు. కావున ఇకపై ఇటువంటి వస్తువులను కొనుటకు ముందు, మూడు నాలుగు నమూనాలను వాడువారి చేతికే ఒక వారమిచ్చి, ఏ పిడి నడుమును నిలిపినదో, ఏది వంచినదో వారి నోటనే విని, ఆ మాటను ధరతో పాటు ఫైలులో వ్రాయవలెనను నిబంధనను ఉభయ తెలుగు ప్రభుత్వములును చేయవలెనని కోరుచున్నాను. అందుకు క్రొత్త శాఖ అక్కఱలేదు, క్రొత్త నిధులును పెద్దగా అక్కఱలేదు. ఈ యేడు కొనబోవు చీపురులతోడనే మొదలుపెట్టవచ్చును.